ఎవరికీ చెప్పకూడని పేరు

గరటయ్య ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట వీధిలో పోయేవాళ్ళని ఆపి మరీ ఆయనే చెప్పేవాడు. భార్య ఆదెమ్మ అవునండీ అనేది. అమ్మ అవునంది కాబట్టి ముప్ఫై ఏళ్ళ కొడుకు పానకాలూ అవుననేవాడు.

ఆ సాయంత్రం పానకాలుకి పెళ్ళిచూపులు. ఆడపెళ్ళివారు కంప్యూటర్లో వీడియో కాల్ చేస్తామన్నారు. వచ్చిన సంబంధమల్లా తప్పిపోతోంది, ఇదీ పోతే ఎలాగా అని ఆదెమ్మకి ఒకటే బెంగ. కంప్యూటర్ మూలుగుతోందని పానకాలు పొద్దున్నే దాన్ని నడిపించే గువ్వ లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. తెర మీద ఏం రాస్తే అది చెయ్యడమే కదా, దానికి చదువెందుకన్నాడు.

"స్వాగతం" అని వచ్చింది. ఇంకేముంది! పిలిచినవాళ్ళ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తామా అని ఆదెమ్మ అరటిపళ్ళు తెచ్చి కీబోర్డు మీద పెట్టింది. "మీరు ఎవరు?" అని వచ్చింది. గరటయ్య ముత్తాత దగ్గర్నుంచి ఎత్తుకుని గొంతు పోయేదాకా చెప్పాడు. తెర కదల్లేదు. పాపం చెవుడు కాబోలని పానకాలు తన పేరు టైపు చేశాడు.

"బాగా గుర్తుండే పాస్‌వర్డ్ పెట్టండి. ఎవరికీ చెప్పకండి. బయటపడితే వెంటనే మార్చండి" అంది. పానకాలుకి బాగా గుర్తుండేది తన పేరే. అదే పెట్టాడు.

"నాన్నా, ఇకనుంచి నా పేరు రహస్యం."

"ఏ పేరురా, పానకాలేనా?"

"అదుగో, చెప్పేశావు!"

అంతే, ఆ పేరు ఇంట్లో బందు. పక్కింటావిడ గుమ్మంలోంచి "పానకాలూ" అని పిలిస్తే ఆదెమ్మ పరుగెత్తి ఆవిడ నోరు మూసింది. తిరిగొచ్చేసరికి తెర మీద "దయచేసి వేచి ఉండండి" అని ఉంది. ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. పొయ్యి మీద పప్పు మాడుతోంది. "నువ్వూ కాస్త వేచి ఉండవే!" అని ఆదెమ్మ పప్పుని కేకలేసింది.

చివరికి నీలం తెర, మధ్యలో గువ్వ బొమ్మ. "అబ్బ, ఎంత కళగా ఉందో!" అని మురిసిపోయి ఆదెమ్మ దానికి గుప్పెడు నూకలు చల్లింది.

సాయంత్రం కాల్ వచ్చింది. తెర మీద పిల్ల, పక్కన ఆమె తండ్రి బసవయ్య.

"నీ పేరేంటి బాబూ?" అన్నాడు బసవయ్య.

"చెప్పకూడదండీ."

"సిగ్గా? పానకాలని మాకు తెలుసులే."

గరటయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "ఒసే, బయటపడిపోయిందే! వెంటనే మార్చాలి!"

"పేరు మార్చాలంటే బారసాల చెయ్యొద్దుటండీ?" అంది ఆదెమ్మ.

అంతే. అటక మీంచి ఉయ్యాల దిగింది. పెళ్ళికొడుకుని మోకాళ్ళు మడిచి అందులో కుక్కారు. ఆదెమ్మ జోలపాట ఎత్తుకుంది.

"నాన్నా, ఈ సంబంధం వద్దు" అంది పిల్ల. "ఎవర్ని వద్దంటున్నావమ్మా అని అడిగితే మాత్రం, పేరు చెప్పలేను." తెర నల్లబడింది.

వీళ్ళెవరూ అటు చూస్తేనా! గరటయ్య కళ్ళు మూసుకుని ఆలోచించి మాంచి పేరొకటి అనుకున్నాడు. కొడుకు చెవి దాకా వంగాడు. వంగినవాడు ఠక్కున ఆగిపోయాడు.

"ఏం పేరు నాన్నా?" అన్నాడు ఉయ్యాల్లోంచి కొడుకు.

"ఎవరికీ చెప్పొద్దందిరా" అన్నాడు గరటయ్య. "నీక్కూడా చెప్పను."