ఇప్పచెట్టు కింద ఒక్క ఊఁ

ఊ కొడతానంటేనే చెబుతాను. మధ్యలో మీరు ఆపేశారో, నేనూ ఆపేసి లేచిపోతాను. ఇది నేను పెట్టిన రూలు కాదు. ఇప్పలవాగు అడవిలో జంతువులన్నీ పాటించే పద్ధతి. అక్కడ ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ సాగకూడదు. ఒక్క గొంతు ఊ కొడుతున్నా సరే, కథ చెప్పేవాళ్ళు లేచి వెళ్ళకూడదు. జరిగిందంతా ఈ పద్ధతి మీదే నడుస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అడగొద్దు.

ఇప్పలవాగు పెద్ద ఏరేం కాదు. మోకాలిలోతు నీళ్ళు, అడుగున తెల్లటి గులకరాళ్ళు. గట్టు మీద ఎప్పుడో పడిపోయిన మద్దిచెట్టు ఒకటుంది. దాని తొర్రలోనే అడవిలో ఉన్న లైబ్రరీల్లోకెల్లా పాతది. పుస్తకాలంటే అడ్డాకులే. విస్తళ్ళు కుట్టినట్టు చీపురుపుల్లలతో కుట్టి, వరసగా పేర్చి ఉంటాయి. వాటిని చూసుకునేది కూర్మమ్మ అనే ముసలి తాబేలు. పుస్తకం ఇచ్చేముందు ఆవిడ పిల్లల పాదాలు చూస్తుంది. తడిగా ఉంటే కాసేపు ఎండలో నిలబడి రమ్మంటుంది. నడక నెమ్మది, మాట ఇంకా నెమ్మది. ఆవిడ ఒక మాట మొదలుపెట్టి పూర్తిచేసేలోపు ఉడుతపిల్లలు చెట్టెక్కి దిగొచ్చేవి.

ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ గట్టున పిల్లల కథల పండగ జరుగుతుంది. ఆ రోజుల్లో అడవి అడవిలా ఉండదు. గాలి తియ్యగా, బరువుగా ఉంటుంది. ఆకుల్లోంచి జారే ఎండకి కూడా నిద్రమత్తు పట్టినట్టుంటుంది. నడిచేవాళ్ళకి ఎక్కడికి బయల్దేరామో మధ్యలో మరుపొస్తుంది. ఇప్పచెట్టు కింద పిల్లలు, వాళ్ళని ఆనుకుని అమ్మానాన్నలు, వెనక ఒంటికాలి మీద బడి పంతులు కొంగ మాస్టారు, తొర్ర గుమ్మంలో కూర్మమ్మ. అందరూ కలిసి ఊ కొడుతుంటే ఆ ఊఁ వాగు దాటి అవతలి గట్టుదాకా పోయేది. వెనక్కి వచ్చేటప్పుడు ఎవరి గొంతు ఏదో తెలిసేది కాదు.

పండగ అందరికీ కావాలి, పని ఎవరికీ అక్కర్లేదు. ఆ సంగతి మీకు నేను చెప్పాలా. ఈసారి ఏర్పాట్లు ఎవరు చూస్తారని కొంగ మాస్టారు అడగ్గానే జింకలు ఆకాశంలోకి చూశాయి, అడవిపందికి అకస్మాత్తుగా దురద పుట్టింది. అప్పుడు వెనకనుంచి నక్క బంగారయ్య లేచి, మీరంతా సంసారాలు ఉన్నవాళ్ళు, నేను ఒంటిగాణ్ణి, నేను చూసుకుంటాను అన్నాడు. మాంసం మానేసి రెండేళ్ళయిందని, ఇప్పపూలూ రేగుపళ్ళూ తిని బతుకుతున్నానని అతను ఊరూవాడా చెప్పుకుంటున్న రోజులవి. పాపం, ఎంత మంచివాడో అనుకున్నారు. పని తప్పిందన్న సంతోషంలో ఎవరైనా మంచివాళ్ళలాగే కనిపిస్తారు.

పండగ ఇంకా నెలరోజులుందనగా మద్దిచెట్టుకి ముల్లుతో ఒక పెద్ద అడ్డాకు గుచ్చి ఉంది. పైన రాబోయే కార్యక్రమాలు అని రాసుంది. పున్నమి మర్నాడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక. లైబ్రరీలు చూసుకునేవాళ్ళకి ఎలుగుబంటి గుహలో సమావేశం, పుస్తకాలకి చెదలు పట్టకుండా కాపాడటం ఎలా. బడి పంతుళ్ళకి వాగు పైన నల్లరాతి బండ మీద, కథని కళ్ళకి కట్టినట్టు చెప్పడం ఎలా. కుటుంబాలకి కొండ అవతలి చింతతోపులో, పిల్లలకి కథలు ఎందుకు చెప్పాలి. మూడు చోట్లా ప్రసంగించేది బంగారయ్య. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, పిల్లలకి ఇప్పచెట్టు కింద కథలు. అదే రోజు, అదే వేళ. చెప్పేది బంగారయ్య.

మీకు తెలిసిపోయింది కదూ. వాళ్ళకి తెలియలేదు. ఎందుకంటే ఎవరి వరస వాళ్ళు చదువుకుని వెళ్ళిపోయారు. కొంగ మాస్టారు తన వరస రెండుసార్లు చదివి, తనని పిలిచారన్న ఆనందంలో మెడ ఇంకొంచెం పొడుగు చేసుకున్నాడు. కుందేలు పైడమ్మ అయితే చింతతోపుకి వెళ్ళే దారి అప్పుడే అడగడం మొదలుపెట్టింది. పిల్లలకి కథలెందుకు చెప్పాలో వినడానికి పిల్లల్ని వదిలేసి వెళుతున్నామని ఒక్కరికీ తట్టలేదు.

ఆకంతా చదివింది కూర్మమ్మ ఒక్కతే. ఆవిడ ఏదైనా అంతా చదువుతుంది, నెమ్మది కాబట్టి. చదివి, బంగారయ్యని ఆపింది.

"పెద్దవాళ్ళంతా తలో దిక్కూ పోతే, పిల్లల పక్కన కూర్చుని ఊ కొట్టేదెవరు నాయనా?"

"అదేంటి పెద్దమ్మా, పెద్దవాళ్ళు ఊ కొడుతుంటే పిల్లలకి అలవాటెప్పుడవుతుంది? వాళ్ళ ఊ వాళ్ళనే కొట్టుకోనీ."

ఆ మాటలో తప్పేముందో కూర్మమ్మకి వెంటనే అందలేదు. ఆలోచించి జవాబు చెప్పేసరికి అతను వెళ్ళిపోయి చాలాసేపయింది.

పున్నమి మర్నాడు వచ్చింది. అందరూ ఒళ్ళు దులుపుకుని, పిల్లల్ని ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టి, బంగారయ్య బాబాయి చెప్పినట్టు వినమని బుద్ధులు చెప్పి బయల్దేరారు. పైడమ్మ చివరి పిల్ల పేరు గోరంత. మిగతా పిల్లల చెవులంత ఉంటుంది మొత్తం కలిపి. అమ్మా ఉండవా అని అది అడిగితే, నీకోసమేగా వెళుతున్నాను అంది పైడమ్మ. అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకుంది.

కూర్మమ్మ కూడా బయల్దేరింది. గుహ వైపు వెళ్ళేవాళ్ళు కొండ మలుపు తిరిగిపోయినా ఆవిడ ఇంకా ఇప్పచెట్టు పక్కనున్న కలేపళ్ళ ముళ్ళపొద దగ్గరే ఉంది. అంతలో వెనక కథ మొదలైంది. పిల్లల ఊ వినిపించగానే ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. ఎన్నేళ్ళు విన్నా ఆవిడకి ఆ చప్పుడుతో తనివితీరదు. కాసేపు విని వెళదాంలే అనుకుని పొద కింద చేరింది.

బంగారయ్య చెబుతున్న కథలో ఏమీ జరగదు. కొండ మీద ఒక మబ్బు ఉంది. అది మెల్లగా కదిలి కొండ అవతలికి పోయింది. ఊఁ. దాని వెనక ఇంకో మబ్బు వచ్చింది. అదీ మెల్లగా కదిలింది. ఊఁ. మబ్బు నీడ గడ్డి మీద పాకుతూ వెళ్ళింది, గడ్డి తల వంచి పడుకుంది. ఇంకో మబ్బు వచ్చింది. పైనుంచి ఇప్పపూలు ఒక్కొక్కటే టపటపా రాలుతున్నాయి. అబ్బ, ఏం గొంతు అతనిది. చెప్పకూడదుగానీ ఆ గొంతుకి నాకే ఆవలింత వస్తోంది.

ముందు ఇరవై గొంతులు ఊ కొట్టాయి. తర్వాత పది. తర్వాత జింకపిల్ల ఒకటి, గోరంత ఒకటి. జింకపిల్ల ఆగిపోయింది. గోరంత ఊ సగంలో ఆవలింతై, ఆ ఆవలింతలోనే నిద్రపోయింది.

పద్ధతి ప్రకారం ఇప్పుడు కథ ఆపి లేవాలి. బంగారయ్య ఆపాడు. కానీ లేవలేదు. ఒకరి మీద ఒకరు కుప్పగా పడి నిద్రపోతున్న పిల్లల వైపు మెడ సాచి, ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి గోరంత దగ్గర ఆగాడు. నాలుకతో మూతి తుడుచుకున్నాడు. రేగుపళ్ళు తినేవాడి చూపు కాదది.

పొద కిందనుంచి కూర్మమ్మ ఇదంతా చూసింది. పరిగెత్తుకు వెళ్ళి అడ్డం పడదామంటే ఆవిడ ఎప్పుడు చేరాలి? అరుద్దామంటే, అరుపు విని ఎవరైనా వచ్చేలోపు గోరంతని నోట కరుచుకుని పొదల్లో పడతాడు. ఏం చేయాలో తెలియలేదు. తెలియక, జీవితమంతా తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేసింది. తల డిప్పలోకి లాక్కుని, లోపల్నుంచి సన్నగా,

"ఊఁ" అంది.

బంగారయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ కుప్పలో ఎవరో ఇంకా మెలకువగా ఉన్నారనుకున్నాడు. మెలకువగా ఉన్నది కీచుమని అరిస్తే మిగతావన్నీ లేస్తాయి, బండ మీది కొంగ మాస్టారుకి వినిపిస్తుంది. అందుకని వెనక్కి జరిగి, ఎవర్రా తల్లీ అది, కళ్ళు మూసుకోండి అని మళ్ళీ ఇంకో మబ్బుని కొండ మీదికి తెచ్చాడు.

ఊఁ.

ఇంకో మబ్బు. ఊఁ. ఇంకో మబ్బు. అతను ఎప్పుడు ఆపినా, ఎప్పుడు మెడ సాచినా, సన్నగా ఆ ఊ వచ్చేది. కుప్పలో ఎవరిదో కనిపెడదామని చెవులు నిక్కించి చూశాడు. ఏ చెవీ కదల్లేదు. అడవిలో మబ్బులన్నీ అయిపోయాయి. వాగులో నీళ్ళ కథ చెప్పాడు, గులకరాళ్ళ కథ చెప్పాడు. ఇసకరేణువుల దాకా వచ్చాడు.

పొద కింద కూర్మమ్మ అవస్థ వేరు. ఎండకి డిప్ప వెచ్చబడింది, ఇప్పపూల వాసన ముక్కు దాకా నిండింది, ఆ గొంతు ఆవిణ్ణీ జోకొడుతోంది. కళ్ళు మూసుకుంటే చాలు, మబ్బు మీద తేలిపోతున్నట్టుంది. తను నిద్రపోతే గోరంత ఉండదు. ఆ ఒక్క సంగతి మాత్రం మర్చిపోకుండా, కింద దొరికిన కలేముల్లు మీద కాలు నొక్కిపెట్టింది. ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా ఊ కొట్టింది.

అలా ఎంతసేపు గడిచిందో. నీడలు వాగు దాటాయి. బంగారయ్య గొంతు బొంగురుపోయింది. చెప్పడానికి ఇంక ఏ కథా మిగల్లేదు. ఊ మాత్రం ఆగడం లేదు. నిజం చెప్పాలంటే, అంతసేపు అతని మాటకి ఊ కొట్టినవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ లేరు. అతనికి తెలియకుండానే మాట మెత్తబడింది.

"ఒక నక్కపిల్ల ఉండేది," అన్నాడు.

"ఊఁ."

"దాన్ని ఏ చెట్టు కిందికీ రానిచ్చేవాళ్ళు కాదు. అవతలి గట్టున కూర్చుని మీ కథలు వినేది. సగం వినపడేది, సగం గాలికి పోయేది."

"ఊఁ."

"పెద్దయ్యాక దానికి ఆకలేసింది. ఒక ఆకు మీద నాలుగు వరసలు రాసి, పెద్దవాళ్ళందరినీ తలో దిక్కుకీ పంపించింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఇహ ఈ ఊ కొట్టేది ఒక్కటి నిద్రపోతే, ఆ చిన్న కుందేలుపిల్లని..."

"ఊఁ!"

ఈసారి అది సన్నగా రాలేదు. అడవంతా ఒక్కసారిగా కొట్టింది ఆ ఊ. బంగారయ్య మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. పైడమ్మ ఉంది, కొంగ మాస్టారు ఉన్నాడు, దురద తీరిన అడవిపంది కోరలతో సహా ఉంది.

జరిగిందేమిటంటే, మూడు చోట్లా అందరూ బంగారయ్య కోసం చూసి చూసి విసిగిపోయారు. తిరిగొచ్చే దారిలో పైడమ్మ, మీ దగ్గర ప్రసంగం ఎలా జరిగింది మాస్టారూ అని అడిగింది. బంగారయ్య రాలేదమ్మా అన్నాడాయన. మా దగ్గరికీ రాలేదే అంది పైడమ్మ. ఆ వెంటనే అందరూ ఇప్పచెట్టు వైపు పరిగెత్తారు. కథ నక్కపిల్ల దగ్గరికి వచ్చేసరికి చెట్టు వెనక్కి చేరారు.

బంగారయ్య వాగులోకి దూకిన దూకుడుకి గులకరాళ్ళు గట్టు మీద పడ్డాయట. తోకలో సగం బొచ్చు అడవిపంది నోట్లోనే ఉండిపోయింది. ఇవతలి గట్టు మీద మళ్ళీ అడుగు పెట్టలేదు.

పైడమ్మ గోరంతని గుండెకి అదుముకుని ఏడ్చింది. అది కళ్ళు నులుముకుంటూ, మబ్బు ఎక్కడిదాకా వెళ్ళిందమ్మా అని అడిగింది. పైడమ్మకి తెలిస్తేగా చెప్పడానికి. నేను వినలేదు తల్లీ, పక్కన లేను అని మాత్రం అంది. పొద కిందనుంచి కూర్మమ్మ కుంటుకుంటూ వచ్చి, రా, నేను విన్నాను, చెబుతాను అంది. ముల్లు ఆవిడ కాల్లోనే ఉంది.

మరుసటేడు మద్దిచెట్టుకి గుచ్చిన ఆకు మీద ఒకటే వరస ఉంది. లైబ్రరీవాళ్ళూ, పంతుళ్ళూ, కుటుంబాలూ, పిల్లలూ అందరికీ ఇప్పచెట్టు కిందే, ఒకే వేళ. చెదల సంగతి తర్వాత చూసుకుందామని కూర్మమ్మే రాసింది. ఆ మధ్యాహ్నం గోరంత పక్కన పైడమ్మ కూర్చుంది. అందరూ ఊ కొడుతుంటే, ప్రతిసారీ అవతలి గట్టునుంచి ఒక బొంగురు ఊ కొంచెం ఆలస్యంగా వచ్చేది. అది వెనక్కి తిరిగొచ్చిన మన గొంతేలే అనుకున్నారు అందరూ. కూర్మమ్మ కాదని చెప్పలేదు. కథ చెప్పేవాళ్ళతో మాత్రం, ఇంకొంచెం గట్టిగా చెప్పండి, దూరంగా ఉన్నవాళ్ళకీ వినపడాలి అంది.

పిల్లల్ని కథకి అప్పగించి వెళ్ళిపోకండి, పక్కన కూర్చుని ఊ కొట్టండి.