గంట వేళకు ఖాళీ మంచం

ఏమర్రా, ఒక్క రాత్రి వేరేచోట పడుకుంటే మన చోటు పోతుందా? చెప్పండి చూద్దాం.

పూర్వం ఒక రాజుగారి వృద్ధుల సత్రంలో సాయమ్మ అనే ముసలమ్మ ఉండేది. మనవడి బారసాలకు కూతురింటికి వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చింది. సత్రంలోనే కాపురముండే అధికారి విరూపాక్షయ్య అప్పటికే ఆమె మూట గుమ్మంలో పెట్టించాడు.

“రాత్రి గంట కొట్టేసరికి మంచం మీద లేనివాళ్ళకు ఇక్కడ చోటు లేదు. రాజాజ్ఞ!”

“అందరికీనా బాబూ?”

“నాతో సహా అందరికీ!”

“నేను లేనని ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పేదేమిటి? గంట కొడుతుంటే నేనే మంచం మంచం తిరిగి చూశాను!”

“అయ్యో! అయితే మీరూ మంచం మీద లేరన్నమాట. మీ మూట కూడా తెచ్చుకోండి బాబూ, కలిసే వెళదాం.”

విరూపాక్షయ్య ఆమె మూటను తనే లోపలికి మోసుకెళ్ళాడు.

సరే, చెరగాల్సిన కందులు ఇంకా చాటలోనే ఉన్నాయి. నేను వెళ్ళాలి.