అమ్మ ఉంచిన తోడు

అనగనగా బంగారూ, సముద్రం గాలి తగిలే ఒక ఊళ్ళో నూకాలని ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ ఇటుకబట్టీ పనికి దూరం వెళ్తూ, "నీకు తోడు ఉంచి వెళ్తన్నానే, బెంగెట్టుకోకు" అంది. పక్కింట్లో ఉండే వాళ్ళ పెద్దమ్మ గురించి అందామాట.

నూకాలికి తెలిసిన తోడు ఒకటే, పాలల్లో వేసేది. పరుగున ఇంట్లోకి వెళ్ళి చూసింది. ముంతలో అమ్మ తోడుపెట్టిన పెరుగు కాస్త మిగిలుంది. ఇదే కాబోలు అనుకుంది. ఇది అయిపోతే అమ్మ రుచే ఇంక ఉండదని దాని బెంగ. ముంతని ఒళ్ళో పెట్టుకుని, పెద్దమ్మని దగ్గరికే రానివ్వలేదు.

ఆ సాయంత్రం పాలు కాచి, పొంగు చల్లారకుండానే ముంతలోంచి కాస్త తోడు వేసేసింది. పొద్దున్నకి పాలు విరిగి నీళ్ళు తేలాయి.

"ఏటే గుంటా, పెరుగు తోడెయ్యమంటే విరుగుడు చేశావు!" అని పెద్దమ్మ నవ్వింది. "ఓర్పుండాలే."

ఓర్పట! అది ఉట్టి మీద ఉంటుందో, పొయ్యి కింద ఉంటుందో ఆ పిల్లకేం తెలుసు?

ఆ తర్వాత, ఓర్పంటే ఊరికే కూర్చోడమేమో అనుకుని, పాలు చల్లగా అయిపోయేదాకా కూర్చుని అప్పుడు వేసింది. పొద్దున్నకి పాలు పాలలాగే ఉన్నాయి. ముంత అడుగున ఇంక గోటికి అంటేంతే మిగిలింది. అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ పాలు కాచి తెచ్చి పక్కన చతికిలబడింది. "ఓర్పంటే నాకూ చెప్పడం రాదే. పాలల్లో వేలు పెట్టు."

"అమ్మో, కాల్తంది!"

"అయితే ఆగు." కాసేపయ్యాక, "ఇప్పుడో?"

"వేలు పెట్టినట్టే లేదు పెద్దమ్మా!"

"అదీ! ఇప్పుడెయ్యి. వేశాక కదిపావో, వీపు విమానం మోతే!"

మూత తీసి చూడాలని నూకాలికి ఒకటే ఆత్రం. అందుకే తన చేతిని పెద్దమ్మ కొంగులో చుట్టేసుకుని పడుకుంది.

పొద్దున్నకి పెరుగు గడ్డలా తోడుకుంది. నాలిక మీద వేసుకుంటే, అచ్చం అమ్మదే.

ఆ తర్వాత పెద్దమ్మ తన ముంత పట్టుకొచ్చి, "నాకూ కాస్త తోడియ్యవే. నీకు అమ్మయితే, నాకు చెల్లెలు కాదేటి?" అంది. నూకాలు నిండా గరిటెడు వేసింది.

వాళ్ళమ్మ వచ్చిందా అంటావా? వానలు పడి బట్టీలు ఆగాలి కదమ్మా. అందాకా ఎంత ఆకలేసినా, ఆ రెండిళ్ళలోనూ ముంత ఊడ్చి తినేవాళ్ళు కాదు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
వెళ్ళినోళ్ళు ఇంటికి.