గోడలో గోడ: ముగ్గురమ్మల గుట్ట మహాత్మ్యం

పూర్వం పది పల్లెల సీమను ఏలిన ఎర్రసాని అనే దొరసానికి భగవంతుడు ధర్మబుద్ధిని దోసిళ్ళతో పోసి, ఓర్పును మాత్రం చిటికెడుతో సరిపెట్టాడని పెద్దలు చెబుతారు. భర్త గతించిన పిమ్మట తానే కొలువుతీరి, తగవులు విచారించి, ప్రజలను కన్నబిడ్డల్లా కాపాడిన ఆ సాధ్వి, ఒక్కమాట రెండుసార్లు చెప్పవలసి వస్తే మాత్రం చేతికర్రను నేలకేసి కొట్టేదట. అటువంటి తల్లికి పదిమంది గ్రామనాయకులను ఒక్క దారికి తెచ్చే పని పడటం దైవలీల కాక మరేమిటి!

ఆ పల్లెలన్నిటికీ నడుమ ఉన్న గుట్టమీద విశాలమైన పచ్చికబయలు ఉండేది. అది మాదంటే మాదని తరతరాలుగా పోట్లాటలు. పంచుకోవడం తప్ప మరొక లెక్క ఎరుగని ఆ ఊళ్ళు, ఎన్నిమార్లు పంచుకున్నా తమకే తక్కువ వచ్చిందని కుమిలిపోయేవి. ఒక ఏడు మళ్ళీ కర్రలు లేచినప్పుడు, ఎర్రసాని ఒక్కగానొక్క కొడుకు గొంకయ, ఆపండని చేతులెత్తుకొని నడుమకు వెళ్ళి, కణతకు దెబ్బ తగిలి అక్కడికక్కడే నేలకొరిగాడు. ఆ కర్ర ఏ చేతిదో తేలలేదు గాని, తుమ్మెదలపాడువాళ్ళ గుంపులోనుంచి వచ్చిందని మాత్రం అందరూ చూశారు. దొరసాని ఆ ఊరిని తగలబెట్టిస్తుందని సీమంతా వణికిపోయింది. కాని ఆ తల్లి కొడుకు చితి ముందు నిలబడి నాయకులందరిచేతా ఒట్టు పెట్టించింది. గుట్టమీద వెలసిన అక్కచెల్లెళ్ళైన పెద్దమ్మ, నడిపమ్మ, చిన్నమ్మ అనే దేవతలకు గుళ్ళు కట్టాలి. ఊరికొకటి చొప్పున పది దీపస్తంభాలు నిలపాలి. రానున్న కార్తీక పున్నమినాడు చంద్రోదయానికి ముందే పది దీపాలూ వెలగాలి. వెలిగితే బయలు అందరిదీ. వెలగకపోతే ఒట్టు తీరినట్టే, ఎవరి కర్ర వారి చేతికి.

ఇంతవరకు బాగానే ఉంది. పనులు సగంలో ఉండగా పూజారిణి పోలమ్మకు పూనకం వచ్చి, "మా ముగ్గురి ప్రాకారాల్లోనూ బేసి దీపాలే వెలగాలి, సరి దీపాలు పెడితే కన్నెత్తి చూడం" అని అమ్మవార్ల మాటగా పలికింది. శుభానికి బేసి, అశుభానికి సరి అనేది ఆ సీమ ఆచారం గనుక ఎవ్వరూ ఎదురుచెప్పలేదు. తీరా స్తంభాలు పంచబోతే మూడు, మూడు, నాలుగు. కాదంటే ఐదు, మూడు, రెండు. ఎటు తిప్పినా ఒక అమ్మవారి వాటాకు సరిసంఖ్య వచ్చి కూర్చునేది. ఆస్థాన గణకుడైన మాధవభట్టు మూడు రోజులు పలకమీద లెక్కలు వేసి, "మూడు బేసులు కలిస్తే బేసే అవుతుంది తల్లీ, కలియుగాంతం దాకా కూర్చున్నా పది కాదు" అని విన్నవించాడు. ఆయన చెప్పింది అక్షరసత్యం. ఆ సత్యం ఎర్రసానికి పుండుమీద కారం చల్లినట్టయింది.

ఇక నాయకుల ఉపాయాలు వినాలి! పదకొండో స్తంభం చెక్కిద్దామన్నాడొకడు; అది ఇచ్చిన ఊరు బయలులో రెండు పాళ్ళు అడుగుతుందని మిగతావారు గోలపెట్టారు. ఒకటి తగ్గిద్దామన్నాడు మరొకడు. అందరి వేళ్ళూ తుమ్మెదలపాడు వైపే తిరిగాయి. గోడమీద సగం అటు, సగం ఇటు ఉండేలా ఒక స్తంభాన్ని నిలబెడదామన్న మహానుభావుడూ ఉన్నాడు. ఒక దీపాన్ని వెలిగించకుండా వదిలేస్తే లెక్కలోకి రాదని ఇంకొకడి తర్కం, అయితే ఆ దీపం తన ఊరిది మాత్రం కాకూడదట! ఇవే మాటలు వినివిని దొరసానికి అన్నం సయించడం మానేసింది.

పున్నమి రానే వచ్చింది. మధ్యాహ్నానికే బండ్లు గుట్టెక్కాయి. బండ్లలో నూనె కుండలు ఉన్నాయి, వాటి వెనక గడ్డి కింద కర్రలూ ఉన్నాయి. అప్పటికి పెద్దమ్మ ప్రాకారమూ నడిపమ్మ ప్రాకారమూ పూర్తయ్యాయి; చిన్నమ్మ గుడికి పునాది గుంట మాత్రమే తీశారు, ప్రతిష్ఠ కాని ఆమె విగ్రహం గడ్డిపరుపుమీద ఉంది. పది స్తంభాలూ ఎక్కడ నిలపాలో తెలియక నేలమీదే పడి ఉన్నాయి. పెద్దమ్మ ఆవరణలో ఒక బండమీద కూర్చున్న ఎర్రసాని చుట్టూ నాయకులు మూగి, పొద్దు వాలుతున్నా అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. తుమ్మెదలపాడు నాయకుడు చెన్నమ ఒక్కడే గుంపులో చేరలేక ప్రాకారం వాకిటి బయట నిలబడ్డాడు.

ఎర్రసానికి ఓపిక నశించింది. చివాలున లేచి, చేతికర్రతో తన చుట్టూ నేలమీద గుండ్రంగా గీత గీసింది.

"మీ నోళ్ళు పడ! పొద్దున తిన్నది అరిగింది గాని మీ లెక్క తెగలేదు. ఈ గీత దాటి ఒక్కడు వచ్చాడా, కాళ్ళు విరగ్గొడతాను!"

అందరూ ఉలిక్కిపడి వెనక్కి తగ్గారు. అప్పుడు వాకిటినుంచి చెన్నమ బెరుకుగా, "తల్లీ, నేను ప్రాకారంలోకైనా రావచ్చునా? అదీ కూడదా?" అని అడిగాడు.

"గీసింది నా చుట్టూరా గాని ప్రాకారం చుట్టూ కాదుగదరా!" అని కసురుకున్న ఎర్రసాని, ఆ మాట నోట ఉండగానే ఆగిపోయింది. కాళ్ళ చుట్టూ ఉన్న గీతను చూసింది, తలెత్తి గోడను చూసింది. గీత లోపల తానొక్కతే. గీత గీసుకున్నంత మాత్రాన తాను ప్రాకారం బయటకు పోయిందా?

"భట్టుగారూ, చిన్నమ్మకు వేరే చోటెందుకండీ? పెద్దమ్మ ప్రాకారంలోనే చిన్న గోడ కట్టి ఆ తల్లిని కూర్చోబెట్టండి. అక్క ఇంట్లో చెల్లెలు ఉండకూడదా? చిన్నమ్మ గోడలో ఒక దీపం, ఆ గోడ బయట పెద్దమ్మ వాకిట ఆరు, నడిపమ్మకు మూడు. పదీ చెల్లాయి!"

"పెద్దమ్మకు ఆరేనా అమ్మా? అది సరిసంఖ్య గదా" అన్నాడొక నాయకుడు.

"మీ ఇంట్లో ఎందరని అడిగితే వంటింట్లో ఉన్న పెళ్ళాన్ని వదిలేసి చెబుతావట్రా? చెల్లెలి దీపం అక్క ఇంట్లో దీపం కాదూ? ఆరూ ఒకటీ ఏడు!"

మాధవభట్టు వేళ్ళు ముడిచి చూసుకొని పకపకా నవ్వాడు. "లెక్క మారలేదు తల్లీ, గోడ మారింది" అన్నాడు. పోలమ్మ కళ్ళు తుడుచుకుంటూ, చిన్నపిల్లను విడిగా ఎవరు పడుకోబెడతారని ముందే అనుకున్నానంది. ముందే అనుకున్నదానివి ముందే చెప్పవేమని దొరసాని ఆమెనూ కసురుకుంది. బండిమీదినుంచి దించడానికే పదిమంది చెమటోడ్చిన చిన్నమ్మ విగ్రహం, అక్క ప్రాకారంవైపు కదిలించగానే ఇద్దరి చేతుల్లో పూలబుట్టలా తేలిపోయిందట. పది ఊళ్ళవాళ్ళూ చేయి చేయి కలిపి రాళ్ళందించుకుంటూ ఇంకా పొద్దు ఉండగానే లోపలి గోడ లేపారు. పంచుకోకుండా ఆ ఊళ్ళు కలిసి చేసిన మొదటి పని అదే.

అంతటితో కథ ముగియలేదు. లోపలి స్తంభం ఏ ఊరిదని మళ్ళీ తగవు మొదలైంది! మాదంటే మాదని తొమ్మిది గొంతులు లేచాయి. ఎర్రసాని మళ్ళీ కర్ర ఎత్తింది గాని, ఈసారి నేలకేసి కొట్టలేదు. ఆ కర్రతో వాకిటివైపు చూపి, "తుమ్మెదలపాడుది" అంది.

నాయకులందరూ చెన్నమవైపు తిరిగారు.

"నా కొడుకును పొట్టన పెట్టుకున్న ఊరే. కాని నా గొంకయ చేతులెత్తుకొని వెళ్ళింది వీళ్ళలో ఎవరినీ బయటకు నెట్టడానికి కాదు. రా చెన్నమా, లోపలికి రా."

చెన్నమ వచ్చాడు. తుమ్మెదలపాడు స్తంభాన్ని లోపలా, మిగతా తొమ్మిదింటినీ వాటి వాటి చోట్లా నిలబెట్టారు. దీపంలో నూనె పోశాడు గాని, నిప్పును వత్తిదాకా తేలేక ఆగిపోయాడు. ఎర్రసాని అతని మణికట్టు పట్టుకొని తానే వెలిగించింది. ఏడాదిగా ఆమె అందరిమీదా విసుక్కుంటూనే ఉంది. విసుగు ఆగితే దుఃఖం మొదలవుతుందని ఆమెకు తెలుసు. ఆ దీపం ముందు అది మొదలైంది. ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంటే, తుమ్మెదలపాడు నాయకుడు ఆమె చేయి వదలకుండా నిలబడ్డాడు. మిగిలిన తొమ్మిది దీపాలూ వెలిగాకే చంద్రుడు పైకి వచ్చాడు.

నేటికీ ముగ్గురమ్మల గుట్టమీద పెద్దమ్మ ప్రాకారంలో చిన్నమ్మ గోడ, అందులో ఒంటి దీపస్తంభం కనబడతాయి. ఎర్రసాని కూర్చున్న బండను విసుగుబండ అంటారు. ప్రతి కార్తీక పున్నమికీ పది ఊళ్ళలోకి పెద్ద ముత్తైదువ ఆ బండచుట్టూ కర్రతో గీత గీసి, పదిమంది పెద్దలనూ ఎదుట నిలబెట్టి ఆ ఏటి తప్పులన్నీ ఏకరువు పెట్టి చీవాట్లు పెడుతుంది. వారు తలలు వంచుకొని వింటారు. తరువాత ఆ ఏడు ఏ ఊరితో అందరికీ మాటలు లేవో, ఆ ఊరివాణ్ణే పిలిచి లోపలి దీపం వెలిగించమంటుంది. కొత్తగా వచ్చినవారు వాకిట లెక్కపెట్టి పెద్దమ్మకు ఆరే దీపాలేమని అడిగితే, అక్కడివారు నవ్వి, లోపలున్నదాన్ని వదిలేశారు, మళ్ళీ లెక్కపెట్టండి అంటారు.