హార్డ్ డిస్కుకి బారసాల

బొబ్బిలి మొత్తం మీద బుర్ర ఉన్న కొంప ఒక్కటేనని గవరయ్య లెక్క. అది తనదే. ఫోటో స్టూడియో గవరయ్య, భార్య పైడమ్మ, తమ్ముడు సింహాచలం కలిసి ఆలోచిస్తే ఆ వేడికి పైన తిరిగే ఫ్యాను రెక్కలు వంగిపోయేవి. ఓసారి కుండపోత వానలో, గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని నడిచొచ్చారు ముగ్గురూ. ఆవేళ ఊళ్ళో గొడుగులన్నీ తడిశాయి, వీళ్ళది తప్ప. అదీ తెలివంటే!

అలాంటి గవరయ్య, తన మేనకోడలు కుసుమ పెళ్ళికి ఫోటోలు తీశాడు. ఒకటా రెండా, నాలుగు వేలు. మూడు ముళ్ళకే మూడు వందలు! తండ్రి లేని పిల్ల, మావయ్య మాటంటే గురి. "రేపు నాలుగు గంటల రైలుకి అత్తారింటికి పోతున్నావు కదమ్మా. రైలు కదిలేలోపు ఫోటోలన్నీ నీ చేతిలో పెట్టకపోతే నేను మేనమామనే కాదు" అని పందిట్లో అందరి ముందూ మాటిచ్చేశాడు.

ఫోటోలతో కంప్యూటర్లోని హార్డ్ డిస్కు పీకల దాకా నిండిపోయింది. నకలు తీసి అమ్మాయికివ్వడానికని మర్నాడు పొద్దున్నే మెకానిక్కు జోగారావు వచ్చి, ఎవరో వాడి అమ్మేసిన రెండో డిస్కు బిగించి వెళ్ళాడు. గవరయ్య కంప్యూటరు ఆన్ చేశాడు. తెర మీద పాత డిస్కు పక్కనే కొత్తది కనబడింది. దాని కింద ఓ పేరు: 'సత్యవేణి'.

"ఎవరీవిడ?" అన్నాడు గవరయ్య.

"లోపల కాపురముందేమో అన్నయ్యా" అన్నాడు సింహాచలం.

ఆడమనిషి ఉన్న చోటికి చెప్పాపెట్టకుండా పెళ్ళివారినందర్నీ ఎలా తోలడం? పైడమ్మ కంప్యూటరు పెట్టె మీద మర్యాదగా తట్టింది. "ఏమ్మా సత్యవేణీ, కాస్త సర్దుకుంటావా? చుట్టాలొస్తున్నారు."

పలకలేదు.

"పొగరు" అంది పైడమ్మ.

గవరయ్య జోగారావుకి ఫోన్ చేశాడు. "అది ముందు వాడినావిడ పేరండీ గవరయ్యగారూ. మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, సరిపోతుంది" అని జోగారావు ఫోన్ పెట్టేశాడు.

ఇంకేముంది! పేరు పెట్టాలంటే బారసాల చెయ్యాలి. బారసాలంటే ముందు తలంటు పొయ్యాలి.

సింహాచలం డిస్కు ఊడదీశాడు. పైడమ్మ పీట వేసుకుని, కాళ్ళు చాపి, డిస్కుని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. ఆముదం రాసింది, సున్నిపిండితో నలిచింది, మూడు చెంబుల వేణ్ణీళ్ళు పోసింది. "కుయ్ మనలేదు చూడండి, బంగారు తల్లి!" అని మురిసిపోయి సాంబ్రాణి పొగ కూడా పట్టింది. చీరతో ఉయ్యాల కట్టారు. పళ్ళెంలో బియ్యం పోశారు. పేరు రాయబోతే గొడవ.

"మా అమ్మ పేరు పెడదాం" అన్నాడు గవరయ్య.

"మీ అమ్మ కడుపులో మాట దాగదు. ఫోటోలేం దాగుతాయి?" అంది పైడమ్మ.

చివరికి 'చిన్నమ్మలు' అని ఖాయం చేశారు. గవరయ్య ఉంగరంతో బియ్యంలో ఆ పేరు రాసి, వైరు గుచ్చే కన్నమే చెవి అనుకుని, అందులో మూడుసార్లు గట్టిగా చెప్పాడు.

డిస్కు మళ్ళీ బిగించి మీట నొక్కారు. తెర మీదికి పాత డిస్కు వచ్చింది. సత్యవేణి లేదు. చిన్నమ్మలూ లేదు.

"తలంటు పోస్తే పిల్లలు పడుకుంటారు కదండీ" అంది పైడమ్మ.

అంతే. ముగ్గురూ ఊపిరి బిగబట్టి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. సింహాచలానికి తుమ్మొస్తే వీధి చివరికెళ్ళి తుమ్మి వచ్చాడు.

రెండున్నరైంది. గవరయ్య రైలు టైము లెక్కేసుకున్నాడు. మాట పోతే మేనమామ ఏం మేనమామ? మళ్ళీ ఫోన్ చేశాడు. "జోగారావూ, పిల్ల ఇంకా లేవలేదయ్యా!"

జరిగిందంతా విని జోగారావు ఒక్కో మాటా ఒత్తి చెప్పాడు: "దాని పనైపోయింది, వదిలెయ్యండి. ఫోటోలు పాత డిస్కులో ఉన్నాయి కదా. దాన్నే ఊడదీసి అమ్మాయికిచ్చెయ్యండి. నీళ్ళు పొయ్యకండి. నూనె రాయకండి. రైల్లో కుదుపులకి దెబ్బ తగలకుండా ఏదైనా మెత్తటి దాంట్లో పెట్టి పంపండి."

"ఆమాత్రం మాకు తెలీదా?" అన్నాడు గవరయ్య చిన్నబుచ్చుకుని.

నీళ్ళు పొయ్యలేదు. నూనె రాయలేదు. మెత్తటిదేదో ముగ్గురూ ఆలోచించారు, సర్దారు, మూటగట్టారు, గాలి కూడా వెనకబడేంత వేగంతో స్టేషనుకి పరిగెత్తారు. రైలు కూత వేస్తోంది. కిటికీలోంచి కుసుమ చెయ్యి చాపింది. "మావయ్యా, ఫోటోలేవీ?"

గవరయ్య పెద్ద స్టీలు డబ్బా అందించాడు. కుసుమ మూత తీసింది. "ఇది చలిమిడి కదా మావయ్యా?"

"అవునమ్మా. అత్తారింటికెళ్ళే పిల్లని ఒట్టి చేతుల్తో పంపుతామా? పైగా ఇంట్లో అంతకంటే మెత్తనిది లేదు. డిస్కు మధ్యలో ఉంది. నూనె వద్దన్నారని మీ అత్త నెయ్యే పోసింది."

రైలు కదిలింది. మాట నిలబెట్టుకున్నందుకు గవరయ్య కళ్ళు చెమర్చాయి. అంతలో ఏదో గుర్తొచ్చి, రైలుతో పాటు పరిగెడుతూ అరిచాడు:

"అక్కడ పంచేటప్పుడు చూసి పంచమ్మా! ఎవరి ఫోటో ఉన్న ముద్ద వాళ్ళకే పెట్టు!"