తాతబ్బాయి గాలాలు

మా సింహాద్రి మేస్టారికి ఒక అలవాటుంది. ఎవరన్నా ఏదన్నా అడిగితే ఎంటనే చెప్పరు. "ఊఁ" అని, నీళ్ళ మీద తేలే గాలం బెండు చూసుకుంటూ కూర్చుంటారు. అడిగినోళ్ళు మేస్టారికి ఇనపళ్ళేదేమో అనుకుని ఊరుకుంటారు. రెండ్రోజులకో వారానికో ఏదో ఒకటి చూపించి, "మొన్నడిగావు కదరా" అంటారు. హైస్కూల్లో డ్రిల్లు చెప్పేటప్పుడూ అంతేనంట. ఇప్పుడు రిటైరైపోయి, లాకుల దగ్గర కాలవ మెట్ల మీద గాలం ఏసుకుంటా ఉంటారు. గాలం నేర్చుకుందామని మేం కొంతమందిమి ఆయన పక్కన చేరాం. పని లేనప్పుడు ఎళ్తాం. పనున్నా ఎళ్ళేది తాతబ్బాయి ఒక్కడే.

తాతబ్బాయికి బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. మంచోడు. ఎవరినీ ఒక మాటనడు. గాలం అంటే మటుకు ప్రాణం. మొదట్లో మా అందర్లాగే ఎదురుకర్ర పట్టుకుని వచ్చాడు. ఆ కర్రతోనే, పెళ్ళైన కొత్తలో, ఒక శీలావతి చేపని పట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. తర్వాత ఎవరో ఫోన్లో వీడియో చూపించారు. అంతే, మడత పెట్టుకునే కర్ర తెప్పించాడు. దాని తర్వాత చక్రం ఉన్న కర్ర వచ్చింది. దాని తర్వాత నల్లగా, గడ్డిపరకంత తేలిగ్గా ఉండేది ఇంకోటి వచ్చింది. చేప ముట్టుకుంటే మోగే గంట, నీళ్ళలోపల కనపడతాయని కళ్ళజోడు, వెనక్కి వాలే కుర్చీ, అన్నీ వచ్చాయి. కొత్త కర్ర వచ్చినప్పుడల్లా పాతదాని కంటే దూరం పోయేది. అది చూసుకుని మురిసిపోయేవాడు. చేపలు మటుకు పడేవి కాదు. పడకపోతే కర్రలో ఏదో తేడా ఉందనేవాడు.

లాకుల పక్కన ఏసుపాదం సోడా బండి పెట్టుకుంటాడు. వాడికి తాతబ్బాయంటే ఇష్టమే, కానీ నోరు ఊరుకోదు.

"ఏం బావా, ఈ కర్రకి సిమ్ము కూడా ఎయ్యాలా?" అన్నాడోసారి.

"నవ్వుకో ఏసుపాదం. చేప పడ్డాక మాటాడదాం."

"అప్పటికి నేను ముసిలోణ్ణయిపోతాను బావా. ఇప్పుడే మాటాడేసుకుందాం."

మేమందరం నవ్వాం. తాతబ్బాయి కూడా నవ్వాడు. మేస్టారు నవ్వలేదు. "కొంచెం ఇవతలకి ఎయ్యరా" అన్నారు. దానికి తాతబ్బాయి, "దగ్గర్లో చిన్నయ్యే ఉంటాయంట మేస్టారూ. పెద్దయ్యి నడి కాలవలోనే తిరుగుతాయంట. వీడియోలో చూపించారు" అన్నాడు. మేస్టారు "ఊఁ" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మా లాకుల దగ్గర గాలమేసేవోళ్ళకి ఒక పద్ధతుంది. ఎవరి మెట్టు ఆళ్ళదే. రోజూ పొద్దున్నే తవుడూ తెలకపిండీ కలిపి ముద్దలు చేసుకొచ్చి, ఎవరి మెట్టు దగ్గర ఆళ్ళు నీళ్ళలో ఎయ్యాలి. చేపలకి ఆ చోటు అలవాటవ్వాలి. అలవాటయ్యాకే గాలం. మాలో కొంతమందికి బద్ధకం, ఒక రోజేస్తే రెండ్రోజులు మానేస్తాం. తాతబ్బాయి ఏనాడూ మానలేదు. వానొచ్చినా గొడుగేసుకొచ్చి ముద్దలేసి ఎళ్ళేవాడు. వాడి ముద్దలు గుండ్రంగా, గట్టిగా, లడ్డూల్లాగా ఉండేవి.

ఈ సంగతి జరిగింది ఎండాకాలంలో. ఎండాకాలం మాకు కాలవలు కట్టేస్తారు. లాకుల దగ్గర తలుపులు దింపేస్తారు, నీళ్ళు ఆగిపోతాయి. మళ్ళీ తొలకరికే వదుల్తారు. ఆ సాయంత్రం ఆటోకి మైకు కట్టుకుని, "రేపట్నుంచి కాలవ కట్టేస్తన్నారు, నీళ్ళు పట్టుకోవలసిన వాళ్ళు పట్టుకోవలెను" అని అరుచుకుంటా పోయారు. ఆటో అటెళ్ళగానే తాతబ్బాయి మేస్టారి దగ్గరికొచ్చి నుంచున్నాడు.

"మేస్టారూ, ఒక మాట అడగనా?"

"ఊఁ."

"ఇప్పుడున్న కర్ర నడి కాలవ దాకా ఎళ్తందండి. అవతలి గట్టు దాకా ఎళ్ళేది ఇంకోటుందంట. రాజమండ్రిలో దొరుకుద్దంట. రాత్రి బస్సులో ఎయ్యమంటే పొద్దుటికి వచ్చేద్ది. తెప్పించమంటారా? అసలు ఏ కర్ర కొంటే నాకు సరిపోద్దంటారు?"

మేస్టారు ఏం చెప్పకముందే ఏసుపాదం అందుకున్నాడు. "అవతలి గట్టుకెళ్ళి కూర్చోవచ్చు కదా బావా! వంతెనుంది, ఎవడూ వద్దన్లేదు."

మేం నవ్వబోయాం. తాతబ్బాయి మొహం చూసి ఆగిపోయాం. వాడి కళ్ళు తడిసున్నాయి. మేస్టారు బెండు మీంచి చూపు తిప్పి మొదటిసారి వాడికేసి చూశారు.

"ఎందుకురా అంత తొందర?"

వాడు మేస్టారి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. వాడి భార్య తాయారుకి మూడో నెల. ఏం తిన్నా నిలవట్లేదు. మజ్జిగన్నం కూడా వచ్చేస్తంది. ఆసుపత్రిలో మందులిచ్చి, ఏది సయిస్తే అది తినమన్నారు. ఆ పిల్ల చిక్కిపోయింది. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంట.

"పెళ్ళైన కొత్తలో శీలావతి పట్టాను కదండి. ఆ పులుసు తినాలనుందంది. అదొక్కటే అడిగిందండి ఇన్ని రోజుల్లో. బజార్లో కొని తెచ్చాను. ముద్ద నోట్లో పెట్టుకుని లేచెళ్ళిపోయింది. చెరువు చేప, మట్టి వాసనొస్తంది, నువ్వు కాలవలో పట్టింది తీసుకురా అంది. రోజూ పొద్దున్న గుమ్మంలో నుంచుని నా చేతుల్లోకి చూస్తదండి. ఏమీ అనదు. లోపలికెళ్ళిపోద్ది." వాడు మొహం తుడుచుకున్నాడు. "రేపు కాలవ కట్టేస్తే ఇంకెక్కడ పట్టనండి?"

ఏసుపాదం ఒక సోడా కొట్టి వాడి చేతిలో పెట్టాడు. డబ్బులియ్యబోతే తీసుకోలేదు.

మేస్టారు అడిగింది ఒక్కటే. "తవుడు ముద్దలు ఎవరు చేస్తన్నార్రా నీకు?"

"తాయారేనండి. ఆ వాసన పడట్లేదు, ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ చేస్తది. నేను కలుపుతానంటే, నీకు ముద్ద గట్టిగా రాదు, నీళ్ళలో ఇడిపోద్ది అంటది."

"ఊఁ" అన్నారు మేస్టారు. "పొద్దున్నే ముద్దలు పట్టుకుని రా. కర్ర నీ ఇష్టం" అన్నారు.

తెల్లారేసరికి కాలవలో పారుదల ఆగిపోయింది. రోజూ సుడులు తిరిగే నీళ్ళు చెరువులాగా నిలబడిపోయాయి. కొన్ని మెట్లు బయటపడి, నాచుతో పచ్చగా ఉన్నాయి. మర్నాటికి నీళ్ళు ఇంకా లాగేస్తాయి. అప్పుడు వలలోళ్ళు దిగి ఉన్న చేపలన్నీ ఎత్తుకుపోతారు. అందుకని ఆ పూటే ఆఖరు. రాజమండ్రిలో చెప్పిన కొత్త కర్ర రాలేదు, కొట్టోళ్ళు బస్సులో ఎయ్యడం మర్చిపోయారంట. తాతబ్బాయి ఆ నల్ల కర్ర పట్టుకుని, ముద్దల గిన్నె చంకలో పెట్టుకుని వచ్చాడు. మొహం పీక్కుపోయుంది.

వాడి మెట్టు మీద మేస్టారు ముందే వచ్చి కూర్చున్నారు. "మేత ఎయ్యి" అన్నారు.

వాడు ముద్దలు ఒక్కోటీ తీసి మెట్టు కిందకి జారవిడిచాడు. చెయ్యి చాపితే ఎంత దూరమో అంత దూరంలో పడ్డాయి. రోజూ అక్కడే ఏసేవాడు. ఆ ఆఖరి మెట్టు కింద పాతకాలం గుంట ఉంది, చిన్నప్పుడు ఈతకి దిగితే పీకల దాకా వచ్చేది. ముద్దలెయ్యడం అయిపోగానే వాడు చెయ్యి కడుక్కుని కర్ర అందుకున్నాడు. మేస్టారు కర్ర మీద చెయ్యేశారు.

"కూర్చో."

"టయిం లేదండి మేస్టారూ..."

"కూర్చోరా."

వాడు కూర్చున్నాడు. మేం పై మెట్ల మీద కూర్చున్నాం. ఏసుపాదం కూడా, సోడాల డబ్బా పక్కన పెట్టుకుని. కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత మెట్టు కింద ఒక బుడగొచ్చింది. పక్కన ఇంకోటొచ్చింది. నీళ్ళు అడుగు నుంచి ఎవరో గరిటెతో తిప్పినట్టు కదిలాయి. ఒక ఎర్రటి తోక పైకి తేలి మళ్ళీ మునిగింది. నీళ్ళు నిలకడగా ఉన్నాయేమో, అన్నీ కనపడుతున్నాయి. వీపులు నల్లగా ఒకదాని పక్కన ఒకటి, పందిట్లో బంతి భోజనాలకి కూర్చున్నట్టు. తాతబ్బాయి కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఆ కాళ్ళకి ఇంత దూరంలో.

వాడు ముందుకి వంగి చూశాడు. "ఇయ్యి... ఎప్పట్నుంచి ఉన్నాయండి ఇక్కడ?"

"నువ్వు మేత ఎయ్యడం మొదలెట్టినకాణ్ణుంచి" అన్నారు మేస్టారు.

వాడు నడి కాలవకేసి చూశాడు. ఇన్నాళ్ళూ గాలం పడింది అక్కడ. మళ్ళీ కాళ్ళ దగ్గరికి చూశాడు. మెల్లగా కర్ర తీశాడు. ఆ కర్ర మరీ పొడుగు కదా, కాళ్ళ దగ్గర ఎయ్యడానికి ఎలా పట్టుకున్నా కుదర్లేదు. కొస ఎక్కడో అవతల ఊగుతా ఉంది. వెనక్కి రెండు మెట్లెక్కాడు. మూడో మెట్టెక్కాడు. కర్ర అడుగు పోయి ఏసుపాదం సోడాల డబ్బాకి తగిలి ఖణేలుమంది. గంట కూడా మోగింది.

"ఇంకొంచెం వెనక్కెళ్ళు బావా, మీ కొట్టు కాణ్ణుంచి ఎయ్యొచ్చు" అన్నాడు ఏసుపాదం గుసగుసగా. ఆగలేకపోయాడు.

చేపలు బెదిరి లోపలికెళ్ళిపోయాయి. తాతబ్బాయి కర్ర మెట్ల మీద పడేశాడు. చక్రంలోంచి తంగూసు దారం బారెడు లాగి, పళ్ళతో కొరికి తెంపాడు. గాలానికి కొంచెం తవుడు ముద్ద గుచ్చాడు. ఇంకో కొస చూపుడు వేలికి చుట్టుకున్నాడు. ఆఖరి మెట్టు మీద గొంతుక్కూర్చుని, గాలం కాళ్ళ ముందు వదిలాడు. వదలడం కూడా ఏం లేదు, పెట్టాడంతే, పిల్లలకి పళ్ళెంలో పెట్టినట్టు.

మేం చూస్తానే ఉన్నాం. అవతల తారురోడ్డు మీద పాలవ్యాన్ పోయింది. లాకుల మీద ఎవరో దగ్గారు. బుడగలు మళ్ళీ వచ్చాయి. తాతబ్బాయి వేలు ఒక్కసారి నీళ్ళలోకి ఎళ్ళిపోయినట్టయ్యింది. వాడు లేవలేదు, లాగలేదు. చెయ్యి అలాగే కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చుకున్నాడు. వేలు కోసుకుపోయి నెత్తురొచ్చింది. చూసుకోలేదు. శీలావతి పైకొచ్చి మెట్టు మీద పడి ఎగిరింది. మరీ పెద్దదేం కాదు. ఒక చట్టికి సరిపోద్ది.

వాడు దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుని లేచాడు. చెప్పులు కూడా ఏసుకోకుండా గట్టెక్కి పరిగెత్తాడు. నల్ల కర్రా, కుర్చీ, గంటా అక్కడే ఉండిపోయాయి. ఏసుపాదం అవన్నీ ఏరి సోడా బండి కింద పెట్టాడు.

మర్నాడు సాయంత్రానికి కాలవలో నీళ్ళు అడుగంటాయి. వలలోళ్ళు వచ్చి ఎళ్ళిపోయారు. గాలం ఎయ్యడానికి ఏమీ లేదు. అయినా మేస్టారు అలవాటు కొద్దీ మెట్ల మీద కూర్చున్నారు, మేమూ కూర్చున్నాం. తాతబ్బాయి వేలికి కట్టు కట్టుకుని, నవ్వుకుంటా వచ్చాడు.

"తిందండి మేస్టారూ. నిన్న మద్దేనం తింది. నిలబడింది. ఇయ్యాల పొద్దున్న రాత్రి మిగిలిన పులుసు ఏసుకుని మళ్ళీ తింది. తిని, చట్టి తుడిచేసి, నా వేలు చూసి నన్ను తిట్టింది. తిట్టడానికి ఓపికొచ్చిందండి."

"ఆడపిల్లే పుడతాది బావా, పులుపడిగింది కదా" అన్నాడు ఏసుపాదం.

"ఎవరైనా పర్లేదు" అన్నాడు తాతబ్బాయి. మేస్టారి పక్కన కూర్చున్నాడు. నీళ్ళు లేని ఆ గుంటకేసి చూశాడు. గుంట అడుగంతా చేపలు పొర్లిన గుర్తులు, మూతులతో తవ్విన గుర్తులు. నడి కాలవలో చదునుగా బురద ఉంది. ఆ బురదలో వాడి గాలాలు రెండు మూడు మెరుస్తున్నాయి.

కాసేపటికి వాడు మెల్లగా జేబులోంచి ఫోన్ తీశాడు. తీసి, మేస్టారికేసి కొంచెం వంగాడు.

"మేస్టారూ, తొలకరికి నీళ్ళొస్తాయి కదండి. రాత్రి చూశాను. దగ్గర్లో పట్టుకోడానికని పొట్టి కర్రలు కూడా ఉంటాయంటండి. బాగుంటాయంటారా?"

ఏసుపాదం నెత్తి కొట్టుకున్నాడు. మేస్టారు మటుకు ఈసారి "ఊఁ" అనలేదు. వాడి కట్టు కట్టిన చేతిని తన చేతిలోకి తీసుకున్నారు. భుజం కాణ్ణుంచి వేలి కొస దాకా ఒకసారి కొలిచినట్టు చూశారు.

"ఉంటాయిరా, ఎందుకుండవు" అన్నారు. "ఇంతుంటాయి."