ఈ రోజు ఎవరు రాలేదు?

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. అయిదో తరగతిలో నన్ను బడి మానిపించిన రోజు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని పొద్దుగూకేదాకా గడపలో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ తర్వాత చదువంతా నాకు నేనే చదువుకున్నాను. తప్పులు మాత్రం మద్దిలేటి సారు దిద్దారు. రిటైరైన పంతులు. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుని లేస్తారు. మనం వెంట పోవాలి.

ఇప్పుడు మా ఊరి బడిలో నేను వాలంటీరును. మండలంలోని సర్కారు బడులన్నిటినీ హాజరు, చదవడం, లెక్కలు చూసి వరసలో పెట్టారు. మాది ఆఖరు. ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని ఆటో ఎక్కించి మొదటి బడికి పంపుతామంటున్నారు. పంపితే మా బడికి తాళమే. మిరప కోతలకు గుంటూరు వైపు పోవడాన్ని మా దిక్కున సుగ్గి అంటారు. ఈ ఏడు ఉరుకుందమ్మ అనే పిల్లను వాళ్ళమ్మ సుగ్గికి తీసుకుపోయింది. పట్టుమని పదిమంది లేని బడి మాది. ఆ ఒక్క పేరు పట్టీలో ఉన్నంతకాలం హాజరు లేవదు. కొట్టేయమంటారా అని సారును అడిగాను.

సారు చెప్పులు వేసుకున్నారు.

ముందు ఆ మొదటి బడికి పోయాం. పిల్లలు ఎక్కాలు గడగడా అప్పజెప్పారు. సారు ఒక్కటే అడిగారు, ఈ రోజు ఎవరు రాలేదని. అందరూ వచ్చినారు సార్ అన్నారు ఒకే గొంతుతో. సుగ్గికి పోయినవాళ్ళ సంగతేమిటంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పేర్లు పోయిన నెలే తీసేశామని అక్కడి టీచరమ్మ దాపరికం లేకుండానే చెప్పింది.

మా బడికి తిరిగొచ్చి సారు అదే అడిగారు. మాట మీద మాట పడింది. ఉరుకుందమ్మ రాలేదంట, ఆవు పాఠం కాడ నిలిచిపోయిందంట, దాని కుక్కకు వీళ్ళే వంతులేసుకుని ముద్ద పెడుతున్నారంట. నాకివేవీ తెలియవు. చాప మీద రెండో వరసలో ఒక పిల్ల పట్టేంత ఖాళీ ఉంది. దగ్గరగా జరగండని నేను రోజూ కసిరేది అక్కడే. సారు అందులో కూర్చోబోయారు.

"ఆడ వద్దు సార్, అది ఉరుకుందమ్మది," అంది ఆ ఖాళీ పక్కనే కూర్చున్న నాగేంద్రమ్మ. నా వైపు చూసి, "అక్కకు ఎన్నితూర్లు చెప్పినా ఎక్కదు," అని కూడా అంది. పిల్లలంతా నవ్వారు.

సారు నిలబడే పాఠం విన్నారు. సారును బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాను. బస్సు కనిపించాక అన్నారు:

"చోటైతే పిల్లలు ఉంచినారమ్మా. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరు చెప్పాల?"

వాళ్ళమ్మ నంబరు నా ఫోన్లో ఉంది. సుగ్గి మొదలైనప్పటి నుంచి ఒక్కసారీ చేయలేదు. కూలివాళ్ళు చేను దిగి గుడిసెలు చేరే వేళయింది. రాయడం ఇక్కడ ఆపి, చేస్తాను.